రాతగాడి పెట్టె

రెండు పాలపొడి డబ్బాలు. ఒకదాని మీద షావలి పేరు, రెండోదాని మీద చిన్నపుల్లయ్య పేరు. మనిషికో ఖర్జూరం గింజ. దుప్పటి చాటుకు వెళ్లి, నచ్చినవాడి డబ్బాలో వేసి రావాలి.

అది ఎనభై మూడో సంవత్సరం, మే నెల శుక్రవారం. కువైట్‌లోని సులైబియా సిమెంటు గోడౌను వెనక రేకుల షెడ్డులో ముప్పై తొమ్మిది మంది ఉంటారు. అందరూ కడప, రాయచోటి వైపు వాళ్లే. బకెట్ దగ్గరో, బాత్రూం వంతు దగ్గరో తగువులొస్తే శుక్రవారం పంచాయితీ కూర్చుంటుంది. తీర్పులు రాసేవాడు రాతగాడు. ఆ పంచాయితీయే వాళ్ల కోర్టు, రాతగాడే గుమాస్తా. పుస్తకం, అందరి ఉత్తరాలు, కాగితాలు ఉండే ఇనప పెట్టె తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

తీర్పుల పుస్తకంలో కట్టుబాట్లు కూడా ఉన్నాయి. చేపలు వండినవాడే గిన్నె తోమాలి. ఒకరి రేడియో ఇంకొకరు ముట్టకూడదు. చావు కబురు వస్తే, సెలవుకు యజమాని కఫీల్ సంతకం, ఊరికి టికెట్ చేతికొచ్చాకే, అన్నం తినిపించి చెప్పాలి. మంచం కింద చెప్పులు మంచం కిందే ఉండాలి. వీటిలో సగం షావలి పెట్టించినవే. మాట మీద నిలబడే మనిషని అతనికి పేరు.

ఆరేళ్లుగా రాతగాడిగా ఉన్న పెద్దన్న మొన్న బుధవారం పని ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోయాడు. అతని చోటుకే ఈ గింజల ఓటు. పోయేముందు షావలిని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికి పోయేవాడికి అంత ఏడుపెందుకో షావలికి అర్థం కాలేదు.

నిజానికి షావలికి తీర్పుల మీద మోజు లేదు. అతనికి కావలసింది వ్యాను. ప్రతి మంగళవారం రాతగాడొక్కడే కంపెనీ వ్యానులో సిటీకి వెళ్లి అందరి ఉత్తరాలూ తెస్తాడు. రెండో మనిషిని సూపర్‌వైజర్ ఎక్కనివ్వడు. ఊళ్లో భార్య గౌసియా బీకి నెలలు నిండాయి. నెలన్నరగా ఆమె నుంచి ఉత్తరం లేదు. తానే వెళ్లి వెతికితే ఏ మూలో ఇరుక్కున్న కవరు దొరక్కపోతుందా అని అతని ఆశ. ఆ ఒక్క ఆశతోనే నిలబడ్డాడు.

గెలుపు ఖాయమనే అనుకున్నాడు. షెడ్డులో పదో తరగతి పాసైంది అతనొక్కడే. చిన్నపుల్లయ్యది మూడో తరగతి. సంతకం పెట్టేసరికి చెమటలు పడతాయి.

పైగా పదిరోజులుగా షెడ్డు షెడ్డంతా షావలిని నెత్తిన పెట్టుకుంది. ఊరగాయ జాడీని మంచానికి కట్టేసుకునే నూర్ బాషా, తనంతట తానే రెండు ముక్కలు తెచ్చి పళ్లెంలో వేశాడు. కూలరు పక్క మంచం ఖాళీ చేసి ఇచ్చారు. బస్తా ఎత్తబోతే "నువ్వుండు భాయ్" అని ఎవరో ఒకరు ముందుకొచ్చి వీపు పట్టారు. అవన్నీ ఓట్లేనని షావలి మురిసిపోయాడు.

నిన్న గురువారం చిన్నపుల్లయ్య వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అన్నా, ఈసారికి తప్పుకోన్నా."

"ఎందుకు తప్పుకోవల్ల? నీకు చదివేది రాదు, రాసేది రాదు. పెట్టె తీసుకోని ఏం జేస్తావు?"

"నాకూ వద్దనే ఉండాది. అందరూ నన్నే నిలబడమన్యారు."

"అయితే నిలబడు. నేనూ నిలబడతా."

చిన్నపుల్లయ్య ఏదో చెప్పబోయి, నేల చూపులు చూస్తూ లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నూర్ బాషా డబ్బాలు బోర్లించాడు. చిన్నపుల్లయ్య డబ్బాలోంచి గింజలు రాలుతూనే ఉన్నాయి. షావలి డబ్బాలోంచి ఒక్కటి పడింది. అది అతను వేసుకున్నదే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గెలిచినవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇనప పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకోవడానికి మూడుసార్లు తడబడ్డాడు.

తడిగుడ్డతో గొంతు కోశారనుకున్నాడు షావలి. కోపం రావాలి. రాలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

శనివారం పనికి వెళ్లాడు. సిమెంటు ముఖాన పడితే తుడుచుకోలేదు. ఇక మంగళవారం వ్యాను ఎక్కేది చిన్నపుల్లయ్య. తన ఉత్తరం కళ్లెదుట ఉన్నా, పేరు పోల్చుకోగలడో లేదో.

ఆదివారం సాయంత్రం నూర్ బాషా పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. పళ్లెం నిండా అన్నం, వేటమాంసం కూర.

"తిను భాయ్."

"ఆకలి లేదు."

"లేకపోయినా తినల్ల. నా మాట విను."

వాదించే ఓపిక లేక షావలి తిన్నాడు. ఉప్పో కారమో తెలియలేదు. తల ఎత్తి చూస్తే షెడ్డంతా చుట్టూ నిలబడి ఉంది. ఎవరి చేతిలోనూ పళ్లెం లేదు.

చిన్నపుల్లయ్య పెట్టె తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"తింటివా అన్నా?"

"తింటి. ఏం, అది గూడా పుస్తకంలో రాసుకుంటావా?"

చిన్నపుల్లయ్య తాళం తీసి, షావలి పేరున్న బొంబాయి టికెట్టునూ, దాని కింద పన్నెండు రోజులుగా మడతపెట్టి ఉన్న టెలిగ్రామునూ అతని ఒళ్లో పెట్టాడు.