చేతిలో చోటు

"పూతరేకులు తీయడం ఇచ్చేస్తే పోలా? ఇప్పుడన్నీ యంత్రాలే చేస్తన్నాయి కదా" అన్నాడు వీర్రాజు మళ్లీ భార్య భ్రమరాంబతో, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

"అంత తేలికైతే నీ పేకముక్కలు కలపడం ఇచ్చెయ్యరా" అంది అతని తల్లి సూరమ్మ.

"అట్లు పోయడం మాత్రం ఇవ్వకమ్మా" అంది కూతురు లహరి.

మూడు రోజులుగా ఇదే గొడవ. భ్రమరాంబకు అద్దాలు సానపట్టే పని నేర్పిస్తామని కళ్లద్దాల ఫ్యాక్టరీ వాళ్లు కబురుపెట్టారు. ఖర్చంతా వాళ్లదే. చేతికి వాళ్ల తొడుగు వేస్తే ఒక్క పూటలో పని దానంతటదే వచ్చేస్తుంది. కాకపోతే, నడివయసు చేతిలో కొత్త పనికి తొడుగు చోటు చేయాలంటే పాతది ఒకటి దానికి ఇచ్చేయాలి. అలా తొడుగు వేయించుకున్న పక్కింటి నాగరత్నానికి ఇప్పుడు జడ అల్లడం రాదు.

భ్రమరాంబకు తొమ్మిదేళ్లప్పుడు, ఆమె వెనక కూర్చుని మణికట్టు పట్టుకుని, వాళ్లమ్మ పిండిలో తడిపిన గుడ్డను వేడి కుండ మీద లాగించేది. ఎన్ని రేకులు చిరిగాయో! అమ్మ పోయి ఇరవై ఏళ్లయినా, రేకు తీస్తుంటే మణికట్టు చుట్టూ ఆ వేళ్లు ఉన్నట్టే ఉంటుంది. తొడుగు నేర్పిన పనిలో తలుచుకోవడానికి ఎవరుంటారు?

ఆమె మజ్జిగ గిన్నె అందరి మధ్యా పెట్టి కూర్చుంది.

"తొడుగు లేకుండా, ఏదీ ఇవ్వకుండా, పాత పనివాళ్ల పక్కన కూర్చుని రెండేళ్లు నేర్చుకునే పద్ధతి కూడా ఉందంట. అందాకా సగం జీతమేనంట. ఎవరూ చేరట్లేదంట" అంది నెమ్మదిగా. "పొద్దున్నే వెళ్లి అందులో నా పేరు రాయించుకొచ్చానండీ."