రెండు ఖాళీ బైట్లు

"రేపు మా వ్యాపారం వాటాల పంచాయితీ. మా తమ్ముడు మూటలు మాయం చేస్తాండాడని నువ్వే పెద్దమనుషులకు చెప్పల్ల పాపా," అన్నాడు రామసుబ్బయ్య నాగశ్రీతో.

బద్వేలు గోడౌన్ నుంచి తమ్ముడు పంపే శెనక్కాయ నిల్వ లెక్క, కడప అంగడి కంప్యూటర్‌లో ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తోంది.

ఆ లెక్కల ప్రోగ్రాం రాసిన నాగశ్రీకి తన పనిమీదే అనుమానం వచ్చింది. విప్పి చూసింది. బద్వేలు కంప్యూటర్ కొన్ని అంకెల ముందు రెండు ఖాళీ బైట్లు, అంటే ఏమీ రాయని రెండు గడులు, చేర్చి పంపుతోంది. కడప కంప్యూటర్ ఆ ఖాళీనే అంకె అనుకుని సున్నా చూపిస్తోంది.

ఖాళీని దాటి చదివేలా సరిచేసింది. తగ్గిన మూటలన్నీ తెరమీదికి వచ్చాయి.

"మీ తమ్ముడు దొంగ కాదు సార్! తప్పు ప్రోగ్రాందే."

రామసుబ్బయ్య లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"మూటలన్నీ ఆడనే ఉండాయి. మొన్న నేనే పోయి చూసొచ్చినాలే పాపా. రేపటిదాకా దాన్ని పాతమాదిరే పెట్టు."