గోడమీది పట్టిక

వచ్చీ రాగానే ఆవిడ గోడమీది పట్టిక పర్రున చింపేసింది.

కొలరాడో కొండల్లో, సలైడాలో, డెల్ మెరిక్ సైకిల్ షాపు అది. పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని అక్కడ చేరే బాతాఖానీ బృందం ఒకటుంది. వాళ్ళంతా మాటలాపి చూశారు.

ఏ వెడల్పు రిమ్ముకి ఏ వెడల్పు టైరు వెయ్యొచ్చో చెప్పే పట్టిక అది. రిమ్ముల కంపెనీవాళ్ళే అచ్చువేసి పంపారు. డెల్ చర్చికి వెళ్ళడం ఎప్పుడో మానేశాడు గానీ ఆ పట్టికని మాత్రం భక్తిగా నమ్ముతాడు.

"ఏంటమ్మా ఈ పని?" అన్నాడు కౌంటరు దాటి వస్తూ.

"ఇది తప్పండీ. గోడమీద ఉండకూడదు."

అరవై దాటిన మనిషి. నెత్తిన మగవాళ్ళ టోపీ. మెళ్ళో షూ లేసుకి కట్టిన చిన్న స్టీలు స్కేలు.

"గొలుసు బాగుంది స్కేలమ్మా, ఎక్కడ చేయించావు?" అన్నాడు లానీ స్టూలు మీంచి. రోజూ వచ్చి కూచోవడమే గానీ లానీ ఆ షాపులో ఏనాడూ ఒక ట్యూబు కూడా కొన్నవాడు కాదు.

అందరూ నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. స్టాండుకి బిగించి ఉన్న ఎర్ర సైకిలు దగ్గరికెళ్ళి, ముందు టైరు బొటనవేలితో నొక్కి, రిమ్ము మీద స్కేలు ఆనించింది.

"ఇదెవరిది?"

"మా అమ్మాయిది. శనివారం కొండ కనుమ మీద రేసు. గెలిస్తే కాలేజీ టీములో చోటు. ముందు చెయ్యి తియ్యండి."

"రిమ్ము మరీ వెడల్పు, టైరు మరీ సన్నం. ఎక్కేటప్పుడు ఏం కాదు. దిగేటప్పుడు మలుపులో టైరు అంచు రిమ్ముని వదిలేస్తుంది. ముప్పై రెండు మిల్లీమీటర్ల టైరు వెయ్యండి."

"లావు టైరు వేస్తే బరువు. పట్టికలో ఇరవై ఎనిమిది సరిపోతుందని ఉంది."

"తప్పుందనేగా చింపాను."

డెల్‌కి తిక్క రేగింది.

"అది రాసినవాళ్ళకంటే నీకెక్కువ తెలుసా?"

ఆవిడ చేతిలో నలిగిన కాగితం వంక చూసింది.

"లేదు," అంది. "సరిగ్గా అంతే తెలుసు."

షాపంతా గొల్లుమంది.

ఆ నవ్వులకి డెల్ కూతురు బ్రెన్నా సగం తిన్న బరీటోతో లోపలి గదిలోంచి వచ్చింది. ఆవిడ ఆ పిల్ల వైపు తిరిగింది.

"అమ్మాయ్, మీ ఇంట్లో యాపిల్ 'పై' రొట్టె ఎవరు చేస్తారు?"

"నానమ్మ."

"పళ్ళెం పెద్దదై, పిండి చాలకపోతే?"

"లాగి లాగి అంచుకి అతికిస్తుంది."

"ఓవెన్‌లో పెట్టాక?"

"అంచు జారి లోపల పడుతుంది," అంది బ్రెన్నా. అంటూనే తన టైరు వంక చూసింది. "నాన్నా, వేరేది వేద్దామా?"

"దారినపోయే దానయ్యలు చెప్పినట్టల్లా టైర్లు మారిస్తే ఇక రేసులు గెలిచినట్టే," అన్నాడు డెల్.

ఆవిడ బయటికెళ్ళింది. వెనక సీటు నిండా టైర్లున్న పాత కారు ఆవిడది. అందులోంచి ఒకటి తెచ్చి బ్రెన్నా చేతిలో పెట్టింది.

"ఊరికే ఇస్తున్నా. వేసుకో తల్లీ. నీకు దణ్ణం పెడతా."

డెల్ దాన్ని లాక్కుని, గుమ్మం పైనున్న దుప్పి తల మీదికి విసిరాడు. టైరు కొమ్ములకి తగులుకుని వేలాడింది.

"దండ బాగా కుదిరింది," అన్నాడు లానీ.

"ఇంకోసారి ఈ గడప తొక్కావంటే షెరీఫుని పిలుస్తా," అన్నాడు డెల్.

ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళిందన్నమాటే గానీ చాలాసేపు రోడ్డవతల కారులోనే కూచుంది. ఎవరూ పిలవలేదు. ఆవిడ చింపి వదిలేసిన పట్టికని లానీ టేపుతో అతికించి మళ్ళీ గోడకి పెట్టాడు. షాపుకి అతను చేసిన సాయం అదొక్కటే.

శనివారం కనుమ పైకి అందరికంటే ముందు చేరింది బ్రెన్నా. ఆ కబురు ఫోన్లో విని, కింద రేసు ముగిసే గీత దగ్గర నిలబడ్డ డెల్, హుషారు చెయ్యడానికి తెచ్చిన ఆవుమెడ గంట చెయ్యి నొప్పెట్టేలా మోగించాడు.

రెండో పిల్ల దిగి వచ్చింది. మూడో పిల్లా వచ్చింది. డెల్ గంట మోగిస్తూనే ఉన్నాడు. అంబులెన్సు కనుమ పైకి వెళ్ళడం చూశాక ఆపాడు.

మలుపులో ముందు టైరు రిమ్ముని వదిలేసి పక్కన పడి ఉంది. దానికి చిన్న చిల్లు కూడా లేదు.

బ్రెన్నా బతికింది. నడుం కింద ఇక కదలిక రాదన్నారు డాక్టర్లు. "వేరేది వేద్దామన్నాను కదా నాన్నా," అని ఆ పిల్ల ఒక్కసారే అంది. దానికి బదులు తిట్టిపోసినా డెల్ తట్టుకునేవాడు.

సోమవారం షాపు తీశాడు. స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా దుప్పి కొమ్ములకి ఆ టైరు అలాగే వేలాడుతోంది. ఫోనెత్తి రిమ్ముల కంపెనీకి చేశాడు. ఎవరో అమ్మాయి పలికింది.

"ఆ టైర్ల పట్టిక రాసిన వెధవెవడు? వాణ్ణి పిలు. నా కూతురి నడుం వాడే విరగ్గొట్టాడు. నాలుగు మాటలు అడగాలి."

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"రాసింది మా పెద్ద ఇంజనీరు ఆర్లీన్ గారండీ. లెక్క తప్పిందని తెలిసిన రోజే వెనక్కి తీసుకుందామని మొత్తుకున్నారు. పైవాళ్ళు వినలేదు. ఉద్యోగం వదిలేసి, సొంత కారులో టైర్లేసుకుని, షాపు షాపుకీ వెళ్ళి ఆ పట్టికల్ని ఆవిడే చింపుకుంటూ తిరుగుతున్నారు. మెళ్ళో స్టీలు స్కేలుంటుంది, మీ ఊరు రాలేదాండీ?"