మచ్చోడు తెచ్చింది

“ఏమే, ఉన్నకాడే ఉండు. చెయ్యి సాపొద్దు.”

వాకిట్లోకి వస్తూనే అయ్యన్న పెళ్లాంతో అన్న మాట అది. అరవలేదు. నిద్రపోయే బిడ్డ పక్కన మాట్లాడినంత మెల్లగా అన్నాడు. చేని నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, కార్తీకమాసపు చలిలో కూడా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

నాగక్క చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమెకు కాస్త దూరంలో మచ్చోడు తోకాడిస్తూ నిలబడ్డాడు. నోరు మూసే ఉంది గానీ బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పెదవి పక్కన గోధుమరంగు ఈక ఒకటి, కొంచెం నెత్తురు.

“అయ్యో, నా కౌజు పిట్ట!” అంది నాగక్క.

మచ్చోడు ఆ ఇంటి కుక్క. చలి మొదలైతే చాలు, తెల్లారగానే అయ్యన్నతో చేని దాకా షికారు పోవాల్సిందే. ఊళ్లో మిగతా కుక్కలు చెప్పులు ఎత్తుకుపోతాయి. వీడికి మాత్రం పిట్టల పిచ్చి. రెక్క విరిగి పడిన పిట్ట కనబడితే పంటిగాటు పడకుండా నోట కరుచుకొచ్చి నాగక్క కాళ్ల దగ్గర పెడతాడు. ఆమె జొన్నరొట్టె తుంచి పెడుతుంది. ఆ బేరం వాళ్లిద్దరి మధ్య ఏళ్లుగా నడుస్తోంది.

నాగక్క కూడా తక్కువేం కాదు. పెరటి దానిమ్మకు జొన్న కంకులు కడుతుంది, మూకుట్లో నీళ్లు పెడుతుంది. గోరింకలు, పిచ్చుకలు, పిగిలిపిట్టలు వచ్చి వాలాయంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఆమెకు పట్టదు.

“చేన్లో అడివిపందులు తినంగా మిగిలింది నువ్వు పిట్టలకెయ్యి. మనం గాలి బోంచేద్దాం” అని అయ్యన్న దెప్పుతుంటాడు.

దీపావళి ముందర మచ్చోడు ఒక కౌజు పిట్టను తెచ్చాడు. నాగక్క దాని రెక్కకు పసుపు రాసి, గంప కింద పెట్టి సాకుతోంది. ఈ పొద్దు లేచి చూస్తే గంప తిరగబడి ఉంది. కౌజు లేదు.

తప్పు ఆమెది కూడా ఉంది. నిన్న పొద్దుపోయాక అయ్యన్న చేని నుంచి వచ్చి, చేతులు సబ్బుతో తోమి తోమి కడుక్కుని, అన్నానికి కూర్చుంటూ ఒక మాట చెప్పాడు.

“రేపు మచ్చోన్ని ఇడవద్దు. నేనొక్కన్నే పోయొస్తా.”

అటునుంచి అటే వేంపల్లె సంతకు పోతాడేమో అనుకుంది. కానీ తెల్లారి అయ్యన్న వెళ్లగానే మచ్చోడు కట్టేసిన చోట ఒకటే కుయ్యోమొర్రో. ఆమె మనసు ఆగలేదు. తాడు విప్పేసింది. కౌజు కూడా చేని దోవనే పోయి వీడి నోట పడిందనుకుంది.

“నెత్తురొస్తాండాదయ్యా! శానా గట్టిగా పట్టుకున్యాడు. ఒరే, ఇడ్సురా!” అంటూ నాగక్క కట్టె కోసం చూసింది.

“అరవద్దే, నీకు దండం పెడతా. బెదిరిస్తే పండ్లు బిగిస్తాడు.”

అయ్యన్న నిజంగానే రెండు చేతులూ జోడించాడు. మొగుణ్ని అట్లా ఆమె ఎన్నడూ చూడలేదు. మొన్నటికి మొన్న ఆ కౌజును కూరొండమని ఎగతాళి చేసిన మనిషి. అంత దుఃఖంలోనూ ఆమెకు ముచ్చటేసింది.

“ఇంత జాలి ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టుకున్యావయ్యా?”

అయ్యన్న మచ్చోడి మీంచి చూపు తిప్పలేదు. “రొట్టె తెచ్చి గడప మీద పెట్టు. నువ్వు లోపలే ఉండు. రావద్దు” అన్నాడు.

“నా చేత్తో పెడితేనే ఇడుస్తాడు.”

“సెప్పినట్టు ఇను!”

నాగక్క లోపలికి పోయి రొట్టె ముక్క తెచ్చి గడప మీద పెట్టింది. అయ్యన్న మంచం మీది గొంగడి తీసి, మడతలు వేసి, మచ్చోడి ముందు పరిచాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. మచ్చోడికి ఇదేదో ఆటనిపించింది. ముందుకాళ్లు చాపి ఒక్క గెంతు గెంతాడు. దవడ కదిలింది.

అయ్యన్న గట్టిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. మచ్చోడు అక్కడే ఉన్నాడు, తోకాడిస్తూ.

“నమిల్నాడా?” గడప లోపలి నుంచి నాగక్క ఏడుపు గొంతు.

“లేదు.”

దానిమ్మ మీద పిచ్చుకలు కంకులు పొడుచుకుంటున్నాయి. వాటికి ఈ గొడవేమీ పట్టలేదు. అయ్యన్న రొట్టె ముక్క అందుకుని గొంగడి పక్కన పట్టుకున్నాడు.

“రా నాయనా. మెల్లగ. నీ కాళ్లు మొక్కుతా, మెల్లగ పెట్టు.”

మచ్చోడు రొట్టె వాసన చూశాడు. అయ్యన్న మొహం చూశాడు. తల వంచి, ఎప్పటిలాగే, గుడ్డు పెట్టినంత పదిలంగా నోట్లోది గొంగడి మీద పెట్టి రొట్టె అందుకున్నాడు. అయ్యన్న వాడి మెడ పట్టుకుని పెరటి గోడ దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ వాణ్ని వాటేసుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాగక్క ఉండబట్టలేక బయటికొచ్చింది. “బతికుండాదా?”

అప్పుడే కట్టెల మోపు వెనక నుంచి కౌజు బయటికొచ్చింది. పసుపు రెక్క ఈడ్చుకుంటూ, దర్జాగా నడిచి వెళ్లి, పిచ్చుకలు రాల్చిన గింజలు ఏరుకోసాగింది.

నాగక్క నోరు తెరుచుకుని దాన్ని చూసింది. తర్వాత గొంగడి వైపు తిరిగింది.

“మరి ఇదేందయ్యా?” అంటూ వంగి చెయ్యి చాపింది.

“తాకొద్దే, అది నిన్న మునిమాపున పందుల కోసం కోడిపేగులు, ఈకలు సుట్టి చేనిగట్టు మీద నేను పెట్టొచ్చిన నాటుబాంబు!”