పిన్నిగారు చెప్పిన ముగింపు

“ఖాళీ డబ్బా ఎలా ఇచ్చి రమ్మంటావు? గుప్పెడు పంచదారైనా వెయ్యి” అన్నాడు నాగేంద్రప్రసాద్ పెళ్లాంతో.

“ఏమీ వెయ్యను. అలాగే ఇచ్చి రండి” అంది మంగళ.

కాకినాడ మనిషి ఎదురింటి గిన్నె ఖాళీగా పంపిందంటే చెంప మీద కొట్టినంత పని. మంగళ కొట్టదలుచుకునే పంపింది.

అది ఫుమియే డబ్బా. నల్ల చెక్కది.

గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలోని ఆ బిల్డింగులో అందరూ మనవాళ్లే, ఎదురు ఫ్లాటులోని ఫుమియే తప్ప. అరవై దాటిన జపాన్ ఆవిడ. పోర్టులో ఇంజనీరుగా ఉన్న తమ్ముడి దగ్గర ఉండేది. పరిచయమైన వారంలోనే మంగళ ఆవకాయ పట్టుకెళ్లింది. మరుసటి వారానికి “పిన్నిగారూ” అనేసింది. వరస కలపకుండా ఉండటం మనకి చేతకాదు కదా.

ఇద్దరినీ దగ్గర చేసింది తకెమోరి. ఆ జపాన్ రచయిత పెద్ద నవలలన్నీ మంగళ ఇంగ్లీషులో చదివేసింది. తొలి నవలలే దొరకలేదు. ఎందుకో ఆయన వాటిని ఇంగ్లీషులోకి పోనివ్వలేదు.

“మొదటిది నా దగ్గర ఉంది, జపనీసులో. నేను చెప్తాను, నువ్వు రాయి” అంది ఫుమియే తనకొచ్చిన ఇంగ్లీషులో.

స్కూలు బస్సులు వెళ్లిపోయాక ఇద్దరూ కూర్చునేవారు. పుస్తకం ఫుమియే ఒళ్లో ఉండేది. చేతులు మాత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేవి. ఆవిడ చెప్తుంటే మంగళ తెలుగు చేసుకునేది.

లైట్‌హౌస్ కాపలాదారు భార్య కథ అది. మాటా పలుకూ లేని కాపురం విసిగి, ఆఖర్న ఆమె పడవెక్కి వెళ్లిపోతుంది.

విజయవాడ వారపత్రిక ఒకటి దాన్ని సీరియల్‌గా వేసింది. కింద ‘తెలుగు: మంగళ’ అని అచ్చయింది. పెళ్లయ్యాక ఎవరి మిసెస్సో కాకుండా ఉత్త మంగళగా కనబడటం అదే మొదలు. ఆనందం పట్టలేక ఏడ్చేసింది. ఆఖరి భాగం ఫుమియేకి చూపిస్తే, పడవలో కూర్చున్న ఆడమనిషి బొమ్మని చాలాసేపు చూసి, “ఇది నాకిస్తావా?” అని అడిగి తీసుకుంది.

తర్వాత కొన్నాళ్లకి తకెమోరి మనసు మార్చుకున్నాడు. తొలి నవల ఇంగ్లీషులో వచ్చింది. వెంటనే ఎడిటర్ దగ్గర్నుంచి ఫోనూ వచ్చింది.

“మేడమ్, చివర్లో ఆమె సముద్రంలో దూకి చచ్చిపోతుంది. మీరు పడవెక్కించారేంటి?”

“జపనీసులో అలాగే ఉందండీ.”

“లేదు. భాష తెలిసినాయన చేత చదివించాం. అందులోనూ చావే. సొంత కవిత్వం రాసి అనువాదం అంటారా? వచ్చేవారం క్షమాపణ వేసుకుంటున్నాం. ఇక మా పత్రికలో మీ పేరు ఉండదు.”

మంగళ చెప్పులైనా వేసుకోకుండా ఎదురు ఫ్లాటుకి వెళ్లింది.

“పుస్తకంలో ఆమె చచ్చిపోతుందా, లేదా?”

ఫుమియే తల దించుకుంది. “చచ్చిపోతుంది.”

“మరి నాతో అబద్ధం ఎందుకు చెప్పారు?”

“అబద్ధం కాదు. ఆమె పడవెక్కింది.”

“మిమ్మల్ని నమ్మి నా పేరు పెట్టుకున్నాను. నలుగురిలో నన్ను దొంగని చేశారు. ఇక మీకూ నాకూ ఏ వరసా లేదు, మిసెస్ ఫుమియే!”

ఫుమియే నడుము దాకా వంగి నమస్కరించింది.

డబ్బా ఖాళీగా వెళ్లింది ఆ సాయంత్రమే.

పై వారం ఫుమియే జపాన్ వెళ్లిపోయింది. బొట్టు పెట్టి సాగనంపడానికి మంగళ తలుపు తియ్యలేదు. కిటికీ తెర పక్కనుంచి టాక్సీని చూసింది. మోసం చేసిన మనిషి కోసం కన్నీళ్లేమిటని తనని తానే తిట్టుకుంది.

ఏడాది తర్వాత ఫ్లాటు ఖాళీ చేస్తూ ఫుమియే తమ్ముడు తలుపు కొట్టాడు. చేతిలో మంగళ ఎప్పుడో ఆవకాయ పెట్టి ఇచ్చిన స్టీలు గిన్నె. నిండా పంచదార.

“ఖాళీగా ఇవ్వకూడదట కదా. అక్క మరీ మరీ చెప్పింది.”

“ఎలా ఉన్నారు ఆవిడ?”

“పోయిన నెల చనిపోయింది. ఆఖరి రోజుల్లో మీ పత్రిక తల దగ్గరే పెట్టుకునేది. తెలుగు చదవడం రాదు కదా, పడవ బొమ్మ చూసుకునేది.”

మంగళ గిన్నె అందుకుంది. అయినా కడుపులో మంట చల్లారలేదు.

“పోయినవాళ్లని అనకూడదు. కానీ ముగింపు మార్చి చెప్పి నా పరువు తీశారండీ.”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మార్చింది అక్క కాదు, మా బావ. అక్క తనని వదిలి వెళ్లిపోయిందన్న కోపంతో, అచ్చుకిచ్చే ముందు కథలో ఆమెని చంపేశాడు.”

“మీ బావగారా? ఎవరాయన?”

“తకెమోరి.”

మంగళ గిన్నెలోని పంచదార వంక చూసింది. చిక్కుడుకాయలు ఒలిచే ఆ చేతులు గుర్తొచ్చాయి.

అన్ని రోజుల్లోనూ ఫుమియే ఒక్క పేజీ కూడా తిప్పలేదు. తాను రాసిన నవలని చూసి చెప్పాల్సిన అవసరం ఆవిడకేముంది?