స్ప్రే కొట్టిన మర్నాడు

రాజోలు బస్సులో వెనకనుంచి నడుం మీద చెయ్యేసిన సూర్యప్రకాష్ కళ్ళలో నర్సు శారోన్ పెప్పర్ స్ప్రే కొట్టింది.

మర్నాడు ఊరి పెద్దలు పిలిపించేరు. "మావాడి కళ్ళు పోతే పూచీ ఎవరిదే?" అని అతని తల్లి అందరి ముందూ నిలదీసింది. వాడినెవరూ ఏమీ అడగలేదు. శారోన్ చేతే క్షమాపణ చెప్పించేరు.

సాయంత్రం ఆవిడే శారోన్ ఇంటికొచ్చింది.

"ఇంకా ఏం చెప్పమంటారండీ?" అంది శారోన్, లోపలికి పిలవకుండా.

ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, భుజం మీద కొంగు తప్పించింది. మెడ నుంచి మోచేతి దాకా కమిలిపోయి ఉంది.

"తాగొచ్చిన రోజు మావాడు నన్నూ కొడతాడు. ఆ స్ప్రే ఎక్కడ దొరుకుద్దమ్మా?"

శారోన్ అమలాపురంలో కొట్టు పేరు చెప్పింది.

"నేనడిగేనని మాత్రం ఎవరితోనూ అనకు," అందావిడ.