రేపటి వేళ వేసిన వార్త

గల్ఫ్ యుద్ధంలో ఒక్కో వార్తాసంస్థ ఒక్కో తీరున వార్తలు పంపి గందరగోళమయ్యాక, ప్రతి వార్తలో ఊరికి, వేళకు, పేర్లకు అందరూ ఒకే రకం గుర్తులు పెట్టాలని ఒప్పుకున్నారు. ఆ గుర్తులు సరిగా ఉన్నాయో లేదో చూడటమే జెద్దాలోని ఒక వార్తాసంస్థ ఆఫీసులో ఖాదర్‌వలి పని. పదేళ్లుగా అతను వార్తలు చదవడం మానేసి గుర్తులే చూస్తున్నాడు.

ఆ రాత్రి ఆఫీసులో అతనొక్కడే ఉన్నాడు. వేళ గుర్తు తప్పుగా ఉందని కంప్యూటర్ ఒక వార్తను ఆపింది. రేపటి తెల్లవారుజాము అని ఉంది. ఎవరో నిద్రమత్తులో తప్పు కొట్టారనుకుని దిద్దబోయాడు. ఊరి గుర్తు చోట రాబిగ్ అని కనబడి చెయ్యి ఆగింది. తమ్ముడు మౌలాలి పనిచేసేది అక్కడే. వార్త చదివాడు. కార్మికుల క్యాంపులో మంటలు లేచి ఒకరు చనిపోయారు. పేరు మౌలాలిదే.

ఫోను చాలాసేపు మోగాక తమ్ముడు ఎత్తాడు.

"ఏంది భాయ్, నీకు నిద్ర రాకుంటే నన్ను గూడా లేపల్నా?"

"లేయ్ రా. ముందు గదిలోనుంచి బయటికి రా."

"వస్తా గానీ, మీ ఆఫీసోళ్లకు వేరే పని లేదా? ఇప్పుడే ఒకాయన ఫోన్ చేసినాడు. వార్తలో రాయల్లంట, నా వయసెంతని అడిగినాడు."

ఖాదర్‌వలి ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

"చెప్పినావా?"

"చెప్పినా. నీది గూడా అడిగినాడు."